చంకలో ఇరుక్కున్న గ్లౌజు

అలసిపోయిన హమాలీ కూర్చోడు. బెజవాడ వన్ టౌన్ గోడౌన్ల వీధుల్లో కాసేపు నిలబడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. లారీలో సరుకు ఇంకా సగం ఉండగా కూర్చుంటే నడుము పట్టేస్తుంది, మళ్లీ లేవడం కష్టం. అందుకని ఎదురుగా ఉన్న బస్తాల వరస మీద రొమ్ము ఆనించి, చేతులు చాచి ఒక బస్తాను వాటేసుకుని, నుదురు గోనె మీద పెట్టి కళ్లు మూసుకుంటాడు. ఊపిరి కాస్త కుదుటపడ్డాక, మేస్త్రీ కేక వినబడ్డాక, వదిలి మళ్లీ లారీ వైపు నడుస్తాడు. దూరం నుంచి చూస్తే ఎవరో ఎవరినో చాలాకాలానికి కలిసి కావలించుకున్నట్టు ఉంటుంది.

నేను చెప్పబోయే మనిషికి ఈ అలవాటు తండ్రి నుంచి వచ్చింది. తండ్రి హమాలీ, ఇతనూ హమాలీయే. వన్ టౌన్‌లో కొండ మీదకి ఎక్కే మెట్ల పక్కన, రెండు గదుల ఇంట్లో ఉండే ముస్లిం కుటుంబం. నాకు పరిచయమయ్యేనాటికి ముప్పై దాటాడు. పగలు పప్పుల బస్తాలూ మిరపకాయల బస్తాలూ మోసేవాడు. సాయంత్రాలు బాక్సింగ్. కాలేజీల్లో పతకాల కోసం ఆడేది కాదు. టికెట్లు పెట్టి జనం ముందు ఆడే ప్రొఫెషనల్ బాక్సింగ్. మన వైపు అలాంటి పోటీలు ఈమధ్యే మొదలయ్యాయి. పత్రికలో ఆటల పేజీ చూసేవాణ్ణి కాబట్టి వాటికి నన్ను పంపేవారు.

బాక్సర్ బాగా అలసిపోయినప్పుడో, గట్టి దెబ్బ తగిలినప్పుడో ఎదుటివాణ్ణి పట్టుకుని కాసేపు గడుపుతాడు. దాన్ని క్లించ్ అంటారు. ఎంత గొప్పవాడైనా అప్పుడప్పుడూ ఆ పని చేస్తాడు. రెఫరీ ‘బ్రేక్’ అని ఇద్దరినీ విడదీస్తాడు. అదే పనిగా చేస్తే హెచ్చరిస్తాడు, తర్వాత పాయింటు కోస్తాడు, అప్పటికీ వదలకపోతే డిస్‌క్వాలిఫై చేసి పంపేస్తాడు. ఇక పట్టుకున్నచోట, రెండు ఒళ్ల మధ్య జరిగే పనులు వేరే ఉన్నాయి. తలతో కనుబొమ్మ మీద రుద్దడం, మోచేయి గొంతుకి ఆనించి నొక్కడం, పాదం మీద పాదం వేసి తొక్కిపెట్టడం, మెడ వెనక గుద్దడం. రింగు పక్కన కూర్చున్నవాళ్లకి కూడా అన్నీ కనబడవు. రెఫరీ ఏ వైపు నిలబడ్డాడన్నదాన్ని బట్టి కొన్ని తప్పులవుతాయి, కొన్ని కావు.

అతని చేతిలో మంచి గుద్దు ఉండేది. మొదటి రెండు రౌండ్లూ చూసినవాళ్లు ఇతను పైకొస్తాడని అనుకునేవాళ్లు. మూడో రౌండులో ఊపిరి బరువెక్కగానే ఎదుటివాడి మీదకి వాలిపోయేవాడు. రొమ్ము ఆనించి, చేతులు చుట్టేసి, తల అవతలివాడి భుజం మీద పెట్టి కళ్లు మూసుకునేవాడు. రెఫరీ విడదీసేవాడు, మళ్లీ వాలేవాడు. రాజమండ్రిలో ఒకసారి, బెజవాడలో ఒకసారి పోటీ మధ్యలోనే పంపేశారు. బెజవాడ పోటీకి నేను వెళ్లాను. జనం ఈలలు వేసి, నీళ్ల ప్యాకెట్లు విసిరారు. అతను రింగు దిగుతూ, ఏం జరిగిందో అప్పుడే నిద్రలేచి తెలుసుకున్నవాడిలా తన చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చూపు కోసమే ఒక సాయంత్రం అతని జిమ్ వెతుక్కుంటూ వెళ్లాను.

జిమ్ అంటే గోడౌను వెనక గది. మూడు వైపులా కప్పు దాకా బస్తాలు. మిగిలిన చోట చాక్‌పీసుతో గీసిన చదరం, అసలు రింగులో సగం కూడా ఉండదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడితే వెనక్కి అడుగు వెయ్యడానికి జాగా లేదు. నేర్పేది రైల్వేలో ఫిట్టర్‌గా పనిచేసి రిటైరైన పెద్దాయన, వయసులో రైల్వే టీములో బాక్సింగ్ ఆడినవాడు. అందరూ మాస్టారు అంటారు.

గుమ్మంలో నన్ను చూడగానే అతను నవ్వాడు. “రండి సార్. మీ పేపర్లో మా పెళ్లి ఫొటో బాగా పడింది.”

ఆ వారం మా పేజీలో, అతను ఎదుటివాడి భుజం మీద తల పెట్టి కళ్లు మూసుకున్న ఫొటో వేశాం.

“మా ఆవిడ కత్తిరించి గోడకి అంటించింది సార్. ఇంటికొచ్చినోళ్లందరికీ ఇదిగో మా సవితి అని చూపిస్తంది.”

మాస్టారు నవ్వలేదు. “వీడికి గుద్దటం వచ్చండీ. వదలటం రాదు. నలభై ఏళ్లకి ఒక్కడు దొరికాడు గుద్దు ఉన్నోడు, వాడేమో కనబడినోణ్ణల్లా వాటేసుకుంటాడు.”

“కావాలని కాదు మాస్టారూ.”

“కావాలని చేస్తే ఈపాటికి మానిపించేవాణ్ణిరా.”

నేను అడిగితే అతను కాస్త ఆలోచించి చెప్పాడు. “ఊపిరాడకపోతే ముందు ఏముంటే దాని మీద వాలిపోతా సార్. మనిషో బస్తానో గుర్తుండదు. రెఫరీ లాగినప్పుడు మెలకువ వస్తది.”

ఎదుటివాళ్ల పాదాలు తొక్కుతాడని రాజమండ్రి బాక్సర్లు చెప్పిన మాట కూడా అడిగాను. “తొక్కానండి. ఒకడు మోచెయ్యి మెడ మీద పెట్టి నలుపుతా ఉంటే తొక్కా. ఒక్కసారే,” అన్నాడు. మాస్టారు గోడ వైపు తిరిగి, “రెండుసార్లు,” అన్నాడు.

పోటీలు పెట్టే ఆయనది పామర్రు దగ్గర ఊరు. రైసుమిల్లు ఉంది, రొయ్యల చెరువులు ఉన్నాయి, బాక్సింగ్ సరదా. ఆయన అప్పటికే కబురు చేశాడు: ఇంకొక్క పోటీ ఇస్తాను, అందులో కూడా పట్టుకుని బయటికి పోతే లైసెన్సు ఇచ్చేవాళ్లు మళ్లీ ఇవ్వరు, నేను కూడా ఏమీ చెయ్యలేను. అంటే ఆ వయసులో, ఆ తర్వాత రింగు ఎక్కడం ఉండదు. బస్తాలు ఉంటాయి. వాళ్ల నాన్న మోకాళ్లు అరిగిపోయి మెట్లు దిగలేక ఇంట్లోనే కూర్చున్నాడు. తన వయసు ఎటు పోతుందో అతనికి రోజూ ఎదురుగానే కనబడుతోంది.

“రింగులో ఉన్నంతసేపే నా మీద ఏ బరువూ ఉండదు సార్,” అన్నాడు ఒకసారి. అతని నోట నేను విన్న పెద్ద మాట అదొక్కటే.

ఆ పోటీకి ముందు నెలల్లో నేను తరచు ఆ గదికి వెళ్లాను. మా ఇల్లు భవానీపురం, ఆఫీసు నుంచి వచ్చే దారే. మాస్టారు ఒక ఉపాయం పన్నాడు. గుద్దడానికి వేలాడదీసిన సంచికి తొడుగు తీసేసి, మిరపకాయలు దించుకున్న ఖాళీ గోనె తొడిగాడు. దాన్ని దూరం నుంచి గుద్దితే ఏమీ కాదు. మొహం ఆనించావంటే తుమ్ములు, దగ్గు, కళ్లల్లో మంట. మొదటి వారం ఆ గదిలోకి వెళ్లినవాళ్లందరం తుమ్మాం. అతను ఒక్కో సాయంత్రం కళ్లు ఎర్రగా వాచి, ముక్కు తుడుచుకుంటూ ఇంటికి వెళ్లేవాడు.

“కొట్టుకొచ్చాడో ఏడ్చొచ్చాడో తెలవట్లేదు భయ్యా,” అంది అతని భార్య, ఒక ఆదివారం వాళ్లింటికి టీకి పిలిచినప్పుడు. చంకలో చంటిపిల్ల. “ఇదుగో, కన్నబిడ్డని కాసేపు ఎత్తుకోమంటే చేతులు నొప్పులంటాడు. ఊళ్లో మగాళ్లందర్నీ మాత్రం వాటేసుకుంటాడు.”

“ఇప్పుడు అదీ లేదుగా,” అన్నాడు అతను.

“అవును భయ్యా. ఇప్పుడు గోడకి కూడా ఆనుకోట్లేదు. అన్నం తినేటప్పుడు కూడా కర్రలాగా కూర్చుంటాడు. పిచ్చిపట్టిందేమో అడగండి.”

నిజమే. పనిలో కూడా మార్చుకున్నాడు. అలసినప్పుడు బస్తాలకి ఆనడం మానేసి, వీధి మధ్యలో చేతులు వేలాడేసి, నోరు తెరిచి ఊపిరి తీసుకుంటూ నిలబడేవాడు. చేతిబండ్లూ ఆటోలూ పోవడానికి అడ్డం. తోటి హమాలీలు వదలలేదు. “ఏం భాయ్, బస్తాతో గొడవపడ్డావా? మాటల్లేవా?” “దానికి నువ్వంటే ప్రాణం భాయ్, ఒక్కసారి పలకరించు.” అతను నవ్వేవాడు గానీ ఆనేవాడు కాదు.

నెలలు గడిచేసరికి మిరపగోనె సంచి ముందు మూడో రౌండులో కూడా వెనక్కి అడుగు వెయ్యడం నేర్చుకున్నాడు. ఆ అడుగు వేస్తే వీపు పప్పుల బస్తాలకి తగిలేది. తగలగానే కాలిన పెనం ముట్టుకున్నట్టు ముందుకొచ్చేవాడు. మాస్టారు నాకు చెవిలో, “వీడు మారాడండీ,” అన్నాడు. ఆయన గొంతులో అంత సంతోషం నేను అంతకుముందు వినలేదు.

పోటీ పామర్రులో ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. నాట్లు పడిన రోజులు. దారి పొడుగునా పంటకాలువ, అటూ ఇటూ నీళ్లు నిలిచిన చేలు. హాల్లో ముందురోజు పెళ్లి జరిగినట్టుంది, పూల కమాను ఇంకా తీయలేదు. దాని కింద పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర సోఫాలో ముఖ్య అతిథులు కూర్చున్నారు. హాలు మధ్యలో రింగు. శాటిన్ గుడ్డ తొడిగిన కుర్చీల్లో జనం: చెరువుల రైతులు, పెడన నుంచి వచ్చిన చేనేత కుర్రాళ్లు, మినీ లారీ కట్టించుకుని వచ్చిన వన్ టౌన్ హమాలీలు. నాకు రింగు అంచుకి ఆనుకుని ఉన్న బల్ల దగ్గర కుర్చీ వేశారు.

ఎదుటివాడు చెన్నై నుంచి వచ్చాడు. పొడగరి, చాలా పోటీలు ఆడినవాడు, మొహంలో ఏ భావమూ ఉండేది కాదు. ఆరు రౌండ్ల పోటీ.

మొదటి రౌండులో మా వాడు దూరం నుంచే గుద్దాడు. దగ్గరికి రాగానే వెనక్కి జరిగాడు. జనం తికమకపడ్డారు. అతని సంగతి అందరికీ తెలుసు, దానికోసమే వచ్చినవాళ్లూ ఉన్నారు. “పట్టుకోవేంటి బాబూ!” అని వెనక నుంచి ఎవరో అరిచారు. హాలంతా నవ్వింది. రెండో రౌండూ అంతే. రెండూ అతనివే అని ఎవరైనా చెబుతారు. గంట కొట్టగానే మూలకి వెళ్లాడు, స్టూలు వేస్తే వెనక తాళ్లకి ఆనకుండా నిటారుగా కూర్చున్నాడు.

మూడో రౌండు మధ్యలో ఇద్దరూ దగ్గరికొచ్చారు. మా వాడు కుడిచేత్తో పొట్టలో గుద్దాడు. ఆ చేయి వెనక్కి రాలేదు. చెన్నై మనిషి ఎడమ చంక దించి ఆ గ్లౌజును చంక కింద బిగించేశాడు. తన కుడిచేతిని మాత్రం పైకెత్తి, గ్లౌజు విప్పార్చినట్టు చాపి, రెఫరీ వైపు చూపించాడు. చూడండి, నేను ఏమీ చెయ్యడం లేదు, ఇతనే నన్ను వదలడం లేదు, అన్నట్టు. మొహంలో మొదటిసారి ఒక భావం కనబడింది: ఓపిక పట్టిన పెద్దమనిషి భావం.

చంక నా వైపు ఉంది. రెఫరీ అవతలి వైపు ఉన్నాడు. ఆయనకి కనబడేది మా వాడి వీపు, అవతలివాడి ఒంటి చుట్టూ పోయిన చేయి, గాల్లో ఎత్తిన ఇంకో చేయి. పైగా ఆయన కూడా రాజమండ్రి సంగతి విన్నవాడే.

“హోల్డింగ్!” అని మా వాడికి వేలు చూపించి హెచ్చరించాడు.

జనం అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్కసారి బయటికొచ్చింది. “వదల్రా! వదిలెయ్యరా బాబూ!” “పెళ్లి మండపమేగా, తాళి కట్టెయ్!” హమాలీల వరసలో కూడా ఒకరిద్దరు తలలు పట్టుకున్నారు. వాళ్లు కూర్చున్నది రెఫరీ వైపే.

నాలుగో రౌండులో మళ్లీ అదే. ఈసారి చంకలో చేయి బిగించాక, తల మా వాడి గడ్డం కిందకి తెచ్చి పైకి రుద్దాడు. మోచేతి కొన రొమ్ము ఎముక మీద పెట్టాడు. మా వాడు లాగితే అవతలివాడు ఆ లాగుడుతోనే మీదకొచ్చేవాడు, చూసేవాళ్లకి మా వాడే లాక్కున్నట్టు ఉండేది. రెండో చేత్తో గుద్దితే పట్టుకుని కొట్టాడంటారు, అదీ తప్పే. ఊరికే నిలబడితే పట్టుకున్నట్టే. మూలలోంచి మాస్టారు, “చెయ్యి చూడండి సార్! చెయ్యి చూడండి!” అని అరుస్తున్నాడు. మూలలోంచి అరవకూడదని రెఫరీ ఆయన్నీ హెచ్చరించాడు. మా వాడికి ఒక పాయింటు కోశాడు.

రౌండు అయ్యాక మా వాడు రెఫరీ దగ్గరికి నడిచాడు. “నేను పట్టుకోలేదు సార్.”

“మీ మూలకి వెళ్లు.”

“దేవుడి మీద ఒట్టు సార్.”

“మాటలొద్దు. ఆడు.”

ఆ రెఫరీలో చెడు ఉందని నేను అనను. ఆయన నిలబడ్డచోట నుంచి నేను చూసినా అదే అనుకునేవాణ్ణి. రింగు పక్క కూర్చున్నవాళ్లు నోరెత్తకూడదు. నేను ఎత్తలేదు, ఎత్తినా ఆ గోలలో వినబడేది కాదు.

ఐదో రౌండులో ఇంకో పాయింటు పోయింది. రెఫరీ ఆట ఆపి, మా వాణ్ణి రింగు మధ్యకి పిలిచి, అందరికీ తెలిసేలా వేలు పైకెత్తి చెప్పాడు: ఇంకొక్కసారి జరిగితే బయటికే. చెన్నై మనిషి తాళ్లకి ఆనుకుని వింటున్నాడు. ఆ మాట మా వాడికి ఎంత అర్థమైందో అతనికీ అంతే అర్థమైంది. ఇక గెలవడానికి అతను గుద్దక్కర్లేదు. ఇంకొక్కసారి ఆ చేతిని పట్టుకుంటే చాలు.

చివరి రౌండులో మా వాడు రింగంతా తిరిగాడు. చేతులు చాపడానికే భయపడ్డాడు. గుద్దితే చేయి దొరుకుతుంది, గుద్దకపోతే ఓడిపోతాడు. నెలల తరబడి నేర్చుకున్న ఆ వెనకడుగు వేస్తూ వేస్తూ తాళ్ల దాకా వచ్చాడు, సరిగ్గా నా బల్ల పైన. అక్కడ ఒక ఎడమ, ఒక కుడి గుద్దాడు. కుడిచేయి చంకలోకి పోయింది. చంక మూసుకుంది. చెన్నై మనిషి రెండో చేయి గాల్లోకి లేచింది. జనం లేచి నిలబడ్డారు. రెఫరీ వస్తున్నాడు.

మా వాడు తన చేతి వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత ఎడమచేతిని పక్కకి, భుజం ఎత్తున, తిన్నగా చాపాడు. మోకాళ్లు వదిలేశాడు.

“కూలబడకురా!” అని మాస్టారు కేక. రింగులో కింద కూర్చుంటే దెబ్బకి పడిపోయినట్టే లెక్క. రెఫరీ అంకెలు లెక్కపెడతాడు, అదొక పాయింటు పోయినట్టే. ఆరోపణకి తోడు ఓటమి కూడా చేతికిచ్చినట్టు.

అతను మొత్తం బరువు కిందకి దించేశాడు. బిగించిన చంక వదిలే వ్యవధి అవతలివాడికి దొరకలేదు. ఆ బరువుతో పాటు వంగిపోయి, మా వాడి పక్కనే మోకాళ్ల మీద పడ్డాడు. కింద పడ్డాక కూడా గ్లౌజు అతని చంకలోనే ఉంది. మా వాడి రెండో చేయి ఇంకా పక్కకి చాపే ఉంది, ఎవరినీ ముట్టుకోకుండా. రెఫరీ ‘వన్’ అని ఆగిపోయాడు. వంగి చూశాడు. ఆ చంకలోంచి గ్లౌజును ఆయన చేత్తోనే లాగి బయటికి తీయాల్సి వచ్చింది.

రెఫరీ లెక్క ఆపేసి, ఇద్దరినీ లేపి, చెన్నై మనిషిని హెచ్చరించాడు. మిగిలిన ఆ కొద్దిసేపూ మా వాడు గుద్దినంత గుద్దాడు. అవతలివాడు మళ్లీ చంక తెరవలేదు, కళ్ల కింద కమిలిపోయి గంట కోసం చూశాడు. గంట మోగింది.

కోసిన పాయింట్లు తిరిగి రావు. అలాంటి పద్ధతి లేదు. జడ్జీల లెక్కలో మా వాడు కొద్ది తేడాలో ఓడిపోయాడు. ఆ తేడా కోసిన పాయింట్లే.

బట్టలు మార్చుకోవడానికి పెళ్లికూతురి గది ఇచ్చారు. అద్దం మీద ఎవరో అంటించి మరిచిపోయిన బొట్టుబిళ్లలు. వాటి మధ్య తన మొహం చూసుకుంటూ అతను కూర్చున్నాడు. గడ్డం కింద చర్మం లేచిపోయింది. మాస్టారు గ్లౌజులు విప్పుతున్నాడు.

“ఓడితే ఓడావు. బయటికి పంపలేదు. లైసెన్సు పోదు,” అన్నాడు మాస్టారు. “అది చాలు.”

అతను నా వైపు తిరిగాడు. “మీరు చూశారుగా సార్. పట్టుకోలేదు.”

“చూశాను.”

“ఒక్కసారీ పట్టుకోలేదు.”

“లేదు.”

చంకలో చేయి బిగించిన సంగతి నేను నా వార్తలో రాశాను. ఏ వైపు నుంచి ఏం కనబడిందో కూడా రాశాను. అచ్చులో స్థలం ఉన్నంత వరకూ వచ్చింది. ఫొటో మాత్రం అవతలి వైపు నుంచి తీసిందే దొరికింది.

ఆ వార్త ఎంతమంది చదివారో గానీ, రీలు మాత్రం అందరూ చూశారు. రెఫరీ వైపు కూర్చున్నవాళ్లెవరో ఫోన్లో తీసి, మూడో రౌండు నుంచి ఐదో రౌండు దాకా అతను అవతలివాడి మీద వాలినట్టు కనబడే ముక్కలన్నీ కలిపి, వెనక ఒక ప్రేమపాట పెట్టి వదిలారు. చివరి రౌండు అందులో లేదు. వారం తిరిగేసరికి వన్ టౌన్‌లో టీకొట్టు దగ్గర అతన్ని చూసి ఆటోవాళ్లు ఆ పాట హమ్ చెయ్యడం మొదలుపెట్టారు. ఒక షాపు యజమాని నవ్వుతూ వచ్చి, “ఓసారి నన్ను కూడా పట్టుకో, సెల్ఫీ తీసుకుందాం,” అన్నాడు. అతను నిలబడ్డాడు. ఆయనే చేతులు చుట్టి ఫొటో తీసుకున్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం నేను ఆ గోడౌను వెనక గదిలో ఉండగా అతనికి పామర్రు ఆయన ఫోన్ వచ్చింది. చేతులకి గోనె దుమ్ము అంటి ఉండటంతో ఫోన్ బస్తా మీద పెట్టి స్పీకరు వేశాడు. మాస్టారూ నేనూ పక్కనే ఉన్నాం.

“ఏవయ్యా, ఫేమస్ అయిపోయావుగా!”

“ఏం ఫేమస్ లెండి.”

“అట్టాంటావేంటి? మా మిల్లులో ఆడోళ్లు కూడా నీ రీలు చూస్తన్నారు. బందర్లో పెడుతున్నా ఈసారి. జనం నీకోసమే వస్తారు. విను, నువ్వు పట్టుకోటం మానుకుందామని చూస్తన్నావంట, అట్టాంటి పని చెయ్యమాక. పట్టుకో. బాగా పట్టుకో. జనం అరవాలి.”

“పట్టుకుంటే బయటికి పంపుతారు కదండీ. మీరే చెప్పారు.”

“అప్పుడు నిన్నెవరు చూశారయ్యా? ఇప్పుడు వేరు.”

అతను ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాడు. “నేను మొన్న పట్టుకోలేదండి. వాడే నా చెయ్యి పట్టుకున్నాడు.”

“తెలుసయ్యా! నేను ముందు వరసలో ఉన్నా, చివర్న చూశా. అయితే ఏంటి? నువ్వు పట్టుకోపోయినా పట్టుకున్నావనే అంటారు జనం. అనేటప్పుడు పట్టుకుంటే పోయేదేంటి?”

మాస్టారు ఫోన్ తీసుకోబోయాడు. అతను వద్దని చేయి అడ్డం పెట్టాడు.

“పోటీ ఉందంటారా, లేదంటారా?”

“ఉంది.”

“అయితే వస్తా. పట్టుకోను.”

అవతల నవ్వు వినబడింది. “రావయ్యా ముందు. వచ్చినాక చూద్దాం. నీ చేతిలో ఏముంది?” అని ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు బస్తా మీద కూర్చున్నాడు. “ఎందుకు ఒప్పుకున్నావురా? తిట్టించుకోడానికా?”

“ఒప్పుకోపోతే పోటీ ఎవడిస్తాడు మాస్టారూ నాకు?”

“బందర్లో కూడా వాడెవడో చెయ్యి చంకలో పెట్టుకుంటాడు. ఈసారి అందరికీ తెలుసు ఆ కిటుకు. కింద పడితే లెక్కపెడతారు. అప్పుడేం చేస్తావు?”

అతను చాక్‌పీసు గీతల మధ్యకి వచ్చి నిలబడి, “నా చెయ్యి పట్టుకోండి మాస్టారూ,” అన్నాడు. “వాడు పట్టుకున్నట్టు.”

పెద్దాయన లేచి వెళ్లి, అతని కుడిచేతిని తన చంక కింద బిగించాడు. ఖాళీ చేతిని పైకెత్తాడు, చెన్నై మనిషి ఎత్తినట్టే. మా వాడు పాదాలు ఎత్తకుండా, నెట్టకుండా, లాగకుండా, ఆ పెద్దాయన్ని కొంచెం కొంచెంగా తనతో తిప్పడం మొదలుపెట్టాడు. చంక ఉన్న వైపు నా వైపుకి రావాలి. నన్ను రెఫరీననుకోమన్నాడు, ఎక్కడ ఇష్టమైతే అక్కడ నిలబడమన్నాడు. నేను బస్తాల పక్కకి జరిగాను. వాళ్లు తిరిగారు. తిరిగితే మాస్టారి వీపు గోడకి తగిలి ఆగిపోయింది. ఇంకో వైపు తిరిగారు, అటు బస్తాలు.

ఆ రోజు నుంచి బందరు పోటీ దాకా వాళ్లు చేసిన సాధన అదే. కొత్త గుద్దు ఏదీ నేర్చుకోలేదు. ఎవరు పట్టుకున్నారో రెఫరీ ఎక్కడ నిలబడినా కనబడేలా తిరగడం. పట్టుకున్నవాణ్ణి కదిలించినట్టు ఉండకూడదు, తను పట్టుకున్నట్టు అసలే ఉండకూడదు.

“ఇప్పుడు కనబడుతోందా సార్?” అన్నాడు, మాస్టారి చంకలో చేయి ఇరికి ఉండగానే, తల తిప్పి.

నాకు అతని వీపు కనబడుతోంది. అవతలి మనిషి ఒంటి చుట్టూ పోయిన చేయి కనబడుతోంది.

“లేదు,” అన్నాను.

మళ్లీ తిరగడం మొదలుపెట్టారు.